పాత ర్యాముకు కొత్త కొలువు

2025 అక్టోబరు 14వ తేదీన విండోస్ 10కు మైక్రోసాఫ్టు సంస్థ తన మద్దతును ముగించినది. దాని తరువాతిదైన విండోస్ 11, ఒకటి రెండు మినహాయింపులు తప్ప, ఇంటెల్ ప్రాసెసర్లలో ఎనిమిదవ తరమునకును, ఏఎమ్‌డీ రైజెన్లలో రెండువేల శ్రేణికిని పూర్వపు వాటిని అధికారికముగా అంగీకరింపదు. కావున నిన్నమొన్నటి వరకు నిక్షేపముగా పనిచేయుచు, ఇంటిలో పిల్లల చదువులకును, అంగడిలో జీఎస్టీ లెక్కలకును, వీధి చివరి డీటీపీ సెంటరులో శుభలేఖల కూర్పునకును అక్కరకు వచ్చుచుండిన కంప్యూటర్లెన్నో ఒక్క దినమున వృద్ధకోటిలో చేరిపోయినవి. ప్రాసెసరు మార్చవలెను, అది మారినచో తరచుగా సాకెట్టు మారును గనుక మదర్‌బోర్డు మార్చవలెను. ఈ రెండింటి వరకు మనస్సును సమాధానపరచుకొనిన గృహస్థునకు మూడవ పద్దు దగ్గర చేయి ఆగును. ఆ పద్దు ర్యాము. ఉన్నదానిని ఊడదీసి కొత్త బోర్డులో పెట్టుకొనరాదా యని అతడడుగును. అంగడివాడు, అమ్మువాడు గనుక, పెదవి విరుచును.

చేయి ఆగుటకు హేతువు లేకపోలేదు. కృత్రిమ మేధ కొరకు లోకమంతట లేచుచున్న డేటా సెంటర్లు హెచ్‌బీఎమ్ అను ఖరీదైన స్మృతిజాతిని అంతులేకుండ కోరుచుండగా, ప్రపంచమునకు ర్యాము చిప్పులనందించువారిలో అగ్రగణ్యులైన శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్ అను మూడు సంస్థలును తమ కర్మాగారములను ఆ దిశకే మరల్చుటచేత, 2025 ఉత్తరార్ధమున సామాన్య ర్యాము ధరలు కొలది మాసములలోనే రెట్టింపు దాటి పరుగెత్తినవి. ఆ సంవత్సరము డిసెంబరులో, హైదరాబాదున అభివృద్ధి కేంద్రము గల ఆ మైక్రాన్ సంస్థయే, క్రూషియల్ అను పేరుతో సామాన్య వినియోగదారులకు ర్యామునమ్ముచుండిన వ్యాపారమునుండి వైదొలగుచున్నట్లు ప్రకటించినది. ర్యాము ధరయనునది ఏనాడును నిలుకడ గల వస్తువు కాదు. ఒకప్పుడది నిజాయితీ గలది కూడ కాదు: పూర్వము తయారీదారులు తమలో తాము కుమ్మక్కై ధరలు నిర్ణయించిరన్న నేరమునొప్పుకొని, 2005లో శాంసంగ్ 30 కోట్ల డాలర్లును, హైనిక్స్ 18.5 కోట్ల డాలర్లును అమెరికా ప్రభుత్వమునకు జరిమానాగా అంగీకరించినవి. నేటి పెరుగుదల అట్టిదని నేననుట లేదు. కొనువాని జేబునకు మాత్రము కారణమేదైనను ఫలమొక్కటియే.

ఈ వ్యాసమున నేను చెప్పదలచిన దానిని ముందే చెప్పివేసెదను. ర్యాము సామాన్యముగా అరిగి పాతబడదు. దాని ఎదుట నిలిచిన బోర్డును, ప్రాసెసరును దానిని పాతదానినిగా చేయును. కావున చేతిలోనున్న ర్యాము యోగ్యమైనదైనచో, దానికి తగిన బోర్డును వెదకుటయే వివేకము. మనవారు అనుసరించుచున్న క్రమము దీనికి సరిగా తలక్రిందులు: మొదట ప్రాసెసరు, పిదప బోర్డు, అన్నియు కొనిన తరువాత ర్యామును గూర్చిన విచారము.

అరుగుదల లేని వస్తువు

నేడు మన కంప్యూటర్లలోనున్న ర్యాముకంతటికిని మూలపురుషుడు ఐబీఎమ్ సంస్థలో పనిచేసిన రాబర్ట్ డెన్నార్డ్. ఒక ట్రాన్సిస్టరు, ఒక కెపాసిటరు, ఈ రెండే కలిసి ఒక బిట్టును నిలుపగలవన్న ఊహ ఆయనకు 1966లో కలిగినది. 1968లో పేటెంటు లభించినది. 1970లో ఇంటెల్ సంస్థ 1103 అను పేర ఒక కిలోబిట్టు చిప్పును విపణికి తెచ్చి, అంతవరకు రాజ్యమేలుచుండిన అయస్కాంతపు పూసల స్మృతికి చరమగీతము పాడినది. డెన్నార్డ్ 2024లో పరమపదించెను. ఆయన చూపిన కణనిర్మాణము మాత్రము, పరిమాణమున సూక్ష్మాతిసూక్ష్మమై, మూలసూత్రమున మార్పు లేక, నేటికిని నడచుచున్నది.

ఈ కణమునందలి కెపాసిటరులోని విద్యుదావేశము క్షణక్షణము కారిపోవుచుండును. కావున డీడీఆర్3, డీడీఆర్4 ర్యాములలో సాధారణోష్ణమున ప్రతి 64 మిల్లీసెకనులకు ఒక పర్యాయము కణములన్నింటిని చదివి మరల వ్రాయుట జరుగుచుండును. పాఠమును వల్లె వేయు బాలుడు ఆ వల్లె వేయుట మానినంతనే మరచిపోవునట్లు, కరెంటు తీసినంతనే ర్యాము సమస్తమును మరచును. ఎస్‌ఎస్‌డీలోని ఫ్లాష్ కణములవలె వ్రాసిన కొలది క్షీణించుట దీనికి లేదు. హార్డ్ డిస్కువలె తిరుగు పళ్లెములు లేవు. ఫ్యానువలె దుమ్ముపట్టి ఆగు ఇరుసులు లేవు. ఎస్‌ఎమ్‌పీఎస్‌లో ఉబ్బి పగులు కెపాసిటర్ల వంటివి కూడ లేవు. అందుచేతనే ర్యాము తయారీదారులలో పలువురు తమ సరకునకు యావజ్జీవ వారంటీ ఇచ్చుటకు వెనుదీయకుండిరి. పది సంవత్సరములు నడచిన యంత్రమును విప్పి చూచినప్పుడు, తక్కిన భాగములన్నింటికంటె యౌవనమును నిలుపుకొన్నది తరచుగా ఇదియే.

అయినను అమరత్వమును దానికి ఆపాదింపరాదు. గూగుల్ సంస్థ సర్వర్లలోని ర్యామును దీర్ఘకాలము గమనించి 2009లో ప్రకటింపబడిన పరిశోధనమున, ఒక్క సంవత్సర కాలములో ర్యాము స్టిక్కులలో నూటికి ఎనిమిదింటికి పైగా ఏదో ఒక దోషమును చూపినవని తేలినది. అవి దోషములను సవరించు శక్తి గల సర్వరు ర్యాములు; రాత్రింబవళ్లు శ్రమించునవి. మన ఇంటి ర్యామునకు ఆ సవరణశక్తి లేదు గనుక దోషమున్నచో అది గుప్తముగానే ఉండి, అప్పుడప్పుడు తెరను నీలముగా మార్చి, ఒక్కొక్కప్పుడు అంతకంటె హీనముగా, దాచుకొన్న ఫైలును చెప్పకుండ చెరచును. పాత ర్యామును కొత్త బోర్డునకు చేర్చువారు దానిని పరీక్షింపకుండ చేర్చరాదని చెప్పుటకే ఈ ప్రస్తావన.

కరెంటు పోగానే మరచు ఈ గుణము మరొక విధమున మేలు చేయును. హార్డ్ డిస్కును ఇతరులకిచ్చునప్పుడు లోపలి బ్యాంకు కాగితములు, కుటుంబపు ఫోటోలు ఎవరి కంట బడునో యన్న బెంగ ఉండును. ర్యాము విషయమున అది లేదు. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు 2008లో, ర్యామును గడ్డకట్టునంత చల్లబరచినచో కరెంటు పోయిన పిమ్మట కూడ కొంతసేపు అందలి విషయము నిలుచునని నిరూపించిరి. అది గూఢచారులకు సంబంధించిన విద్య. మేనల్లునకు ర్యామునిచ్చువానికి దానితో పని లేదు.

గాడి చెప్పు తీర్పు

అరుగని వస్తువు పనికిరానిదెట్లగుచున్నది? ర్యాము స్వరూపమును నిర్ణయించు సంఘము జెడెక్ అనునది. దీని ప్రమాణముల ననుసరించి డీడీఆర్ 2000లోను, డీడీఆర్2 2003లోను, డీడీఆర్3 2007లోను, డీడీఆర్4 2012లోను, డీడీఆర్5 2020లోను వెలువడినవి. ప్రతి తరమును పూర్వతరముకంటె తక్కువ విద్యుత్తుతో నడచును: డీడీఆర్‌కు 2.5 వోల్టులు, తరువాత వరుసగా 1.8, 1.5, 1.2, కడపట డీడీఆర్5కు 1.1. తక్కువ వోల్టేజీకి పుట్టినదానిని ఎక్కువ వోల్టేజీ గల స్లాటులో పెట్టినచో మాడిపోవును గనుక, ప్రతి తరమునకును స్టిక్కు అంచున ఒక గాడి వేరువేరు స్థానములలో కోయబడినది. డీడీఆర్2కును డీడీఆర్3కును 240 పిన్నులే. డీడీఆర్4కును డీడీఆర్5కును 288 పిన్నులే. చూపునకు కవలలవలె నుండును. గాడి మాత్రము కలియదు. దిగని ర్యామును బలవంతముగా నొక్కి స్లాటు విరిచినవారున్నారు. గాడి దిగనన్నచో అది తుదితీర్పు. దానిపై అప్పీలు లేదు.

గాడి ఒక్కటియే యైనచో కొంత వెసులుబాటు ఉండెడిది. పూర్వము ర్యాముతో మాటలాడు కంట్రోలరు ప్రాసెసరులో కాక, మదర్‌బోర్డుపై నార్త్‌బ్రిడ్జ్ అను ప్రత్యేకమైన చిప్పులో నుండెడిది. కావున ఒకే పెంటియం ప్రాసెసరును ఒక బోర్డుపై ఒక జాతి ర్యాముతోను, మరొక బోర్డుపై మరొక జాతి ర్యాముతోను నడుపుట బోర్డు చేయువాని చేతిలో పని. ఏఎమ్‌డీ 2003లో ఆప్టెరాన్, అథ్లాన్ 64లతో ఆ కంట్రోలరును ప్రాసెసరు లోనికి తెచ్చినది. ఇంటెల్ 2008లో తొలి కోర్ ఐ7తో అదే బాట పట్టినది. దూరము తగ్గి వేగము పెరిగినది, నిజమే. అప్పటినుండి ర్యాము జాతిని నిర్ణయించు హక్కు మాత్రము బోర్డువానినుండి జారి ప్రాసెసరు తయారుచేయువాని వశమైనది. నేటి ప్రాసెసరు తనకు తెలిసిన ర్యామునే గుర్తించును. తెలియని దానిని గుర్తించునట్లు చేయుటకు ఏ బోర్డునకును శక్తి లేదు.

రెండు కాలముల వారధులు

ర్యాము తరము మారిన ప్రతిసారియు, పాతదానిని పారవేయలేని మధ్యతరగతి కొనుగోలుదారుని కొరకు ఎవరో ఒకరు వారధి కట్టుచునే వచ్చిరి. 486 ప్రాసెసర్ల కాలమున 30 పిన్నుల సిమ్ములను ర్యాము స్టిక్కులు పోయి 72 పిన్నులవి వచ్చినప్పుడు, రెండు జాతుల స్లాటులను ఒకే బోర్డుపై అమర్చినవారున్నారు. పాత సిమ్ములు నాలుగింటిని గ్రుచ్చి ఒక కొత్త స్లాటులో దించుటకు చిన్న మార్పిడి కార్డులను అమ్మినవారున్నారు. పెంటియం కాలమున సిమ్ములకును, 168 పిన్నుల డిమ్ములకును కలిపి చోటిచ్చిన బోర్డులు సామాన్యముగా కనబడెడివి. 2001 ప్రాంతమున ఈసీఎస్ సంస్థ తెచ్చిన కే7ఎస్5ఏ అను బోర్డు, పాత ఎస్‌డీ ర్యామునకు రెండు, కొత్త డీడీఆర్‌కు రెండు స్లాటులతో, చవుక ధరతో, అథ్లాన్ ప్రియుల ఇండ్లలో వెలసినది. అందమైన బోర్డు కాదు. కాని నేడున్న ర్యాముతో నడుపుకొని, రేపు డబ్బు కూడినప్పుడు కొత్తది కొనుక్కొనుమని చెప్పగలిగిన బోర్డు. ఆ మర్యాద నేటి బోర్డులలో అరుదు.

వారధి కూలిన కథ ఒకటి కలదు. ఇది తెలిసిననే తక్కినవాటి విలువ తెలియును. 1999లో ఇంటెల్ సంస్థ 820 అను చిప్‌సెట్టును వెలువరించి, రాంబస్ అను సంస్థ రూపొందించిన ఆర్‌డీ ర్యామును లోకమునకు అంటగట్టవలెనని సంకల్పించినది. ఆ ర్యాము ధర సామాన్యులకందనిది. పైగా ఖాళీ స్లాటులను ఖాళీగా ఉంచరాదు, వాటిలో ఒక డమ్మీ కార్డును గ్రుచ్చవలెను. కొనుగోలుదారులు ముఖము చాటుచేయగా, అందరి యొద్దనున్న ఎస్‌డీ ర్యామునే ఆ బోర్డులపై నడుపుటకు వీలుగా, మెమరీ ట్రాన్స్‌లేటర్ హబ్ అను దుబాసీ చిప్పును మధ్య నిలిపిరి. ఈ దుబాసీ, విద్యుత్ సంకేతములలోని అలజడికి తాళలేక, నడుమ నడుమ తడబడుచు, యంత్రమును స్తంభింపజేయుటయో, తనంత తానే రీస్టార్టగునట్లు చేయుటయో, అరుదుగా దత్తాంశమును చెరచుటయో చేయసాగినది. 2000 మే నెలలో ఇంటెల్ తప్పునొప్పుకొని, ఆ చిప్పు గల బోర్డులను మార్చి ఇచ్చెదమని ప్రకటింపవలసివచ్చినది. తరువాతి పెంటియం 4ను కూడ మొదట ఆర్‌డీ ర్యాముతోనే ముడిపెట్టి, 2001లో 845 చిప్‌సెట్టుతో సామాన్య ర్యాము వైపునకు దిగివచ్చినది. ఆర్‌డీ ర్యాము కొలది కాలమునకు విపణినుండి కనుమరుగైనది. జనుల యొద్దనున్న ర్యామును నిర్లక్ష్యము చేసిన ప్రణాళిక ఎంతటి సంస్థకైనను చెల్లదని ఆ ఉదంతము నిరూపించినది.

ఏఎమ్‌డీ వారు 2009లో ఫినమ్ 2 ప్రాసెసర్లను తెచ్చినప్పుడు ఇంతకంటె తెలివిగా నడచుకొనిరి. ఏఎమ్3 ఫినమ్ 2 లోపలి కంట్రోలరునకు డీడీఆర్2, డీడీఆర్3 రెండును తెలియును. ప్రాసెసరునకు 938 పిన్నులే ఉంచుటచేత 940 రంధ్రముల పాత ఏఎమ్2 ప్లస్ సాకెట్టులోను అది దిగును. పాత బోర్డు, పాత డీడీఆర్2 ర్యాము గలవాడు ప్రాసెసరు మాత్రమే కొని ఇల్లు చేరవచ్చును. ఇంటెల్ 2015లో ఆరవ తరముతో డీడీఆర్4ను సామాన్యుల కంప్యూటర్లలోనికి తెచ్చుచు, 1.35 వోల్టుల డీడీఆర్3ఎల్‌ను కూడ అంగీకరించినది. 1.5 వోల్టుల పాత డీడీఆర్3 దానికి ఒప్పుదల కాదు. ఈ భేదమును గమనింపక ప్రాసెసరును ప్రమాదమున పడవేసినవారు లేకపోలేదు.

నేటి దారులు

ఇక నేటి పాఠకుని చేతిలోనున్న దానికి వత్తము. యంత్రము నాలుగవ తరపు ఇంటెల్ లేక అంతకు పూర్వముదై, డీడీఆర్3 ర్యాము గలదైనచో, విండోస్ 11 అంగీకరించు ప్రాసెసరుతో దానిని కలుపు సామాన్యమైన దారి లేదు. దానికొరకు చింతించుట వ్యర్థము. ఆ యంత్రమును లైనక్సుతో నడుపుకొనవచ్చును. పేజ్‌మేకరుతో, 'అను' ఫాంట్లతో శుభలేఖలు కూర్చుకొను డీటీపీ వాడైనచో ఇంటర్నెట్టు తీగ ఊడదీసి, ఉన్నదున్నట్లే వాడుకొనవచ్చును. ఆ పనికి కొత్త ప్రాసెసరు అక్కరయే లేదని నా నిశ్చితాభిప్రాయము.

డీడీఆర్4 గలవాని అదృష్టము వేరు. ఇంటెల్ 2021 నవంబరులో వెలువరించిన పన్నెండవ తరమును, దాని వెనుకనే వచ్చిన పదమూడు, పదునాలుగు తరములును డీడీఆర్4, డీడీఆర్5 రెండింటిని ఎరుగును. సాకెట్టు ఎల్‌జీఏ 1700. అయితే బోర్డుపై స్లాటులు మాత్రము సామాన్యముగా ఏదో ఒక జాతికే ఉండును. హెచ్610, బీ660, బీ760 చిప్‌సెట్లతో వచ్చిన బోర్డులలో డీడీఆర్4వి, డీడీఆర్5వి విడివిడిగా లభించును. పేరు చివర డీ4 అనియో డీడీఆర్4 అనియో వ్రాయుట కొన్ని సంస్థల ఆచారము. ఆరవ, ఏడవ తరముల యంత్రము గలవాడు తన డీడీఆర్4ను తీసి, ఐ3 12100నో, ఐ5 12400నో దింపిన ఇట్టి బోర్డులో గ్రుచ్చినచో, విండోస్ 11తో సహా ఏ అభ్యంతరమును లేక నడచును. ఏఎమ్‌డీ పక్షమున దారి ఇంకను సుగమము. ఏఎమ్4 సాకెట్టు ఆద్యంతము డీడీఆర్4కే కట్టుబడినది. 2017 నాటి తొలి రైజెన్ కొనినవాడు, తన బోర్డు తయారీదారు బయోస్‌ను నవీకరించి యుండినచో, బోర్డును ర్యామును కదలింపక, 5000 శ్రేణి రైజెన్‌ను దించుకొనవచ్చును; 300 శ్రేణి చిప్‌సెట్లకు ఈ సౌకర్యమును ఏఎమ్‌డీ 2022లో అనుమతించినది. అప్పుడు బోర్డు ఖర్చే తప్పినది.

ఏఎమ్5 సాకెట్టును, ఇంటెల్ 2024లో తెచ్చిన కోర్ అల్ట్రా 200 డెస్క్‌టాప్ ప్రాసెసర్లును డీడీఆర్5ను తప్ప అన్యమును చేరనీయవు. వాటిపై మనసు పడినవాడు పాత ర్యాముపై ఆశ వదలుకొనవలెను. ల్యాప్‌టాప్ ర్యాము సంగతి కూడ ఇంతే. అది పొట్టి స్టిక్కు, డెస్క్‌టాప్ స్లాటునకు చాలదు.

వేగమున నష్టమెంత?

అంగడివాడు పెదవి విరుచుట ఇక్కడనే. "పాత ర్యాము పెట్టినచో కొత్త ప్రాసెసరు వేగమంతయు నేలపాలు" అని అతడనును. ఇందులో సత్యమున్నది, అతడు చెప్పినంత లేదు. ఆరవ తరపు యంత్రములతో వచ్చిన డీడీఆర్4 2133 రెండు స్టిక్కులు జతగా సెకనుకు సుమారు 34 గిగాబైట్ల వేగముతో దత్తాంశమునందించును. డీడీఆర్5 4800 జత 76.8 గిగాబైట్లనందించును. ఈ అంకెలు చూచి బెదరువాడు రెండవ అంకెను కూడ చూడవలెను. అడిగిన విషయములో మొదటి భాగమును చేతికందించుటకు పట్టు కాలమును సీఎల్ అను అంకె సూచించును. సీఎల్ 15 గల పాత 2133 ర్యామునకది సుమారు 14 నానోసెకనులు, సీఎల్ 40 గల కొత్త 4800 ర్యామునకు సుమారు 16.7 నానోసెకనులు. కొత్తది ఒక్కసారిగా ఎక్కువ మోయును. మొదటి అడుగు మాత్రము పాతదే ముందు వేయును. వర్డు, ఎక్సెల్, బ్రౌజరు, ట్యాలీ, పిల్లల ఆన్‌లైను తరగతులు, వీటిలో ఈ రెండింటి భేదమును మానవనేత్రము కనిపెట్టజాలదు.

భేదము తెలియు పనులును కలవు. వేరుగా గ్రాఫిక్స్ కార్డు లేక, ప్రాసెసరులోని గ్రాఫిక్సుతోనే ఆటలాడువానికి ర్యాము వేగమే ప్రాణము, ఏలనన తెరపై బొమ్మను గీయుటకు కూడ ఆ ర్యామునే వాడుకొనవలెను. రైజెన్ ప్రాసెసర్లలో భాగములను కలుపు అంతర్మార్గము ర్యాము వేగముతో జతకట్టి నడచును గనుక 2133 ర్యాముతో అవి కొంత మందగించును. 5000 శ్రేణికి 3600 వేగపు ర్యాము తగినదని అనుభవజ్ఞులందురు. పెద్ద ఫైళ్లను కుదించుట, వీడియో కూర్పు మొదలగు పనులును వెడల్పయిన మార్గమును కోరును. వీరందరు గూడ డీడీఆర్4లోనే 3200 వేగపు జతను సంపాదించుకొనినచో చాలవరకు తృప్తిపడుదురు.

వేగముకంటె ముఖ్యమైన అంశమొకటి తరచుగా మరుగున పడుచున్నది. ఒక్క స్టిక్కుతో నడచు యంత్రములు మన యిండ్లలో అనేకములు. 8 జీబీ ఒకే స్టిక్కుగా అమ్ముట అసెంబుల్డ్ కంప్యూటర్ల వ్యాపారమున చిరకాలపు అలవాటు. ఒక్క స్టిక్కున్నచో ప్రాసెసరునకు గల రెండు మార్గములలో ఒకటి మూతబడి, దత్తాంశ వేగము సగమగును. కావున పాత 8 జీబీ స్టిక్కునకు, అదే జాతి, అదే పరిమాణము గల మరియొక పాత స్టిక్కును సెకండ్ హ్యాండున సంపాదించి జతచేయుట, పెక్కు సందర్భములలో కొత్త ఒంటి స్టిక్కు కొనుటకంటె మేలు. వేగములు కలియకున్నను ప్రమాదము లేదు. అన్నియు వాటిలో మందమైన దాని వేగమున నడచును.

చేతిపని

ర్యాముపై అంటించిన చీటీని చదువుట నేర్చినచో సగము పని అయినట్లే. పీసీ4 అని మొదలైనచో అది డీడీఆర్4. పీసీ3 యైనచో డీడీఆర్3. పీసీ3ఎల్ యైనచో 1.35 వోల్టులది. పీసీ4 17000 అనగా 2133, 19200 అనగా 2400, 25600 అనగా 3200. 2400టీ వంటి అంకె తరువాత యూ అను ఆంగ్లాక్షరము సామాన్య డెస్క్‌టాప్ ర్యామును, ఎస్ ల్యాప్‌టాపు దానిని, ఆర్ సర్వరునకు చెందిన రిజిస్టర్డ్ ర్యామును సూచించును. ఈ ఆర్ అక్షరము గల స్టిక్కులు సెకండ్ హ్యాండున చవుకగా దొరకి ఆశ పెట్టును. ఇంటి బోర్డులలో అవి పనిచేయవు. చీటీ చిరిగిపోయినచో, పాత యంత్రమును విప్పుటకు ముందే సీపీయూ జెడ్ అను ఉచిత సాధనముతో చూచినచో, ప్రతి స్టిక్కుపైనున్న చిన్న చిప్పులో వ్రాయబడిన వివరములన్నియు తెరపైకి వచ్చును.

తీయునప్పుడు కరెంటు ప్లగ్గు ఊడదీసి, ఇనుప క్యాబినెట్టును ఒకమారు ముట్టి, స్లాటు చివరి క్లిప్పులను వెనుకకు నొక్కి, స్టిక్కు అంచులను మాత్రమే పట్టుకొని పైకి లాగవలెను. బంగారు పూత గల పిన్నులు నల్లబడినచో పెన్సిలు రబ్బరుతో తుడుచుట మన మెకానిక్కుల ఆచారము. మెత్తని రబ్బరుతో ఒకటి రెండు మార్లు పైపైన తుడిచిన దోషము లేదు గాని, రుద్ది రుద్ది ఆ పలుచని పూతనే లేపివేయుట కూడ చూచుచున్నాము. ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తడిపిన గుడ్డ మేలు. కొత్త బోర్డులో రెండు స్టిక్కులకు నాలుగు స్లాటులున్నచో, ప్రాసెసరునుండి లెక్కించి రెండవ, నాలుగవ స్థానములలో గ్రుచ్చుట సామాన్య నియమము. బోర్డు పుస్తకము వేరుగా చెప్పినచో దానినే అనుసరింపవలెను. స్లాటులో సరిగా దిగకున్నచో యంత్రము తెర వెలిగింపక బీప్ బీప్ మని మొరపెట్టుకొనును, లేదా బోర్డుపై డీర్యామ్ అను పేరు గల చిన్న దీపము వెలుగును. బెదరక, తీసి మరల గట్టిగా గ్రుచ్చిన పెక్కుమార్లు సమసిపోవును. ఎక్స్‌ఎమ్‌పీ అను వేగపు అమరిక గల ర్యామైనచో బయోస్‌లో దానిని ఆన్ చేయవలెను. చేయకున్న 3200 వేగపు ర్యాము కూడ 2133 లేక 2400 వద్దనే నడచుచు, కొన్నవానికి ఆ సంగతి ఎన్నటికిని తెలియకుండును.

ఇవన్నియు ముగిసిన పిదప, విండోస్ ఎక్కించుటకు ముందే, మెమ్‌టెస్ట్86 ప్లస్ అను ఉచిత సాధనమును పెన్‌డ్రైవులో వేసి, దానినుండి యంత్రమును లేపి, ఒక రాత్రియెల్ల నడుపవలెను. తెల్లవారునప్పటికి ఒక్క ఎర్ర గీతయు లేనిచో ఆ ర్యాము ఇంకను సేవకు యోగ్యము. ఒక్కటి కనబడినను, స్టిక్కులను ఒక్కొక్కటిగా పరీక్షించి దోషము గలదానిని వేరుచేయుడు. దోషము గల ర్యామును "అప్పుడప్పుడే కదా" యని సహించుట, లెక్కల పుస్తకమును అబద్ధములాడు గుమాస్తా చేతికిచ్చుటయే.

పాత ర్యామును వాడుట పేదవాని యుపాయమని చిన్నచూపు చూచువారు ఒక విషయమును తెలిసికొనవలెను. సర్వర్లను లక్షల సంఖ్యలో నడుపు మైక్రోసాఫ్టు సంస్థ పరిశోధకులు 2024లో ప్రకటించిన గ్రీన్ ఎస్‌కేయూ అను నమూనా సర్వరులో, కొత్త ఏఎమ్‌డీ ప్రాసెసరునకు డీడీఆర్5తో బాటు, విరమింపజేసిన పాత సర్వర్లనుండి తీసిన డీడీఆర్4 ర్యామును సీఎక్స్‌ఎల్ అను మార్గమున జతపరచిరి. కర్బన ఉద్గారములను తగ్గించుట వారి లక్ష్యము. ర్యామును తయారుచేయుటలోనే విద్యుత్తు, నీరు, రసాయనములు విస్తారముగా వ్యయమగును గనుక, చేసినదానిని పదేండ్లు వాడినను ఇరువదేండ్లు వాడినను ఆ తొలి వ్యయము మారదు. మన దేశమున 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన ఈ-వ్యర్థముల నియమావళి, తయారీదారులపై రీసైక్లింగు బాధ్యతను మోపినది. అయినను ఢిల్లీలోని సీలంపూర్ వంటి చోట్ల ఆమ్లములలో ఉడికింపబడి, పిన్నులపైని బంగారపు పూతకై ప్రాణమర్పించు బోర్డులకు, స్టిక్కులకు నేటికిని కొదువ లేదు. పనిచేయు ర్యాము అక్కడికి చేరుట ఏ లెక్క ప్రకారమును సమర్థనీయము కాదు.

సికింద్రాబాదు పార్క్‌లేనులోని చెనాయ్ ట్రేడ్ సెంటరుకు వెళ్లినను, మీ ఊరి అంగడికి వెళ్లినను, ప్రాసెసరు బోర్డు మార్చుకొనదలచినవారికి నా విన్నపము: పాత క్యాబినెట్టును ఎక్స్ఛేంజి క్రింద అప్పగించుటకు ముందు ర్యాము స్టిక్కులను విప్పి మీ యొద్ద ఉంచుకొనుడు, చీటీపై పీసీ4 అని ఉన్నచో, కొత్త బోర్డు బిల్లులో డీడీఆర్4 అని పేరుతో సహా వ్రాయించుకొనిన తరువాతనే డబ్బు చెల్లింపుడు.